దొరవారి మీసం, మునెయ్య చెవి

1977 జూన్‌లో నన్ను చంద్రగిరి అవతల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు డ్రాయింగు మాస్టరుగా వేశారు. ఆ ఉద్యోగం ఎక్కడ ఉండేదో ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. హెడ్మాస్టరు కింద బీయెడ్ అసిస్టెంట్లు, వాళ్ళ కింద సెకండరీ గ్రేడువాళ్ళు, వాళ్ళ కింద డ్రిల్లు మాస్టరు, ఆయన కింద నేను, నా కింద అటెండరు మునెయ్య. మునెయ్య కింద ఎవరూ లేరు గానీ ఆయన చేతిలో గంట ఉండేది. వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది. దాన్ని ఆయన ఒక దెబ్బ కొడితే హెడ్మాస్టరు కూడా లేచి క్లాసుకు పోవలసిందే. కాబట్టి ఆ ఇస్కూల్లో నిజంగా అందరికంటే కింద ఉన్నది నేనొక్కణ్ణే. స్టాఫ్ రూములో నా కుర్చీకి మూడు కాళ్ళు. నాలుగో కాలు పాత హాజరుపట్టీల దొంతర. ఏ సంవత్సరం పిల్లల మీద కూర్చున్నానో నాకే తెలీదు.

డ్రాయింగు మాస్టరు కావాలంటే లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు అని రెండు పరీక్షలు పాసు కావాలి. కుండ, ఆకు, చెక్కపెట్టె, మళ్ళీ కుండ. పెన్సిలు, నీటిరంగులు. కుండ పొట్ట మీద వెలుగు ఎక్కడ పడుతుందో నాకు తెలిసినంతగా కుమ్మరి బ్రహ్మకు కూడా తెలియదని నా నమ్మకం. కానీ మనిషి ముఖం ఆ పరీక్షల్లో లేదు. తైలవర్ణాలు అసలే లేవు.

నాకేమో తిరుపతిలో బట్టల దుకాణాలకు పోయినప్పుడల్లా బట్టల మీద చూపు నిలిచేది కాదు. గల్లాపెట్టె పైన, దుకాణం పెట్టిన పెద్దాయన తైలవర్ణ చిత్రం ఉంటుంది చూడండి, నిలువెత్తు బంగారు చట్రంలో, అప్పుడే భోంచేసి లేచినట్టు మెరుస్తూ. దాని కిందే నిలబడిపోయేవాణ్ణి. మా ఆవిడ చీర తీసుకుని బస్టాండు దాకా పోయి, నేను వెంట లేనని చూసుకుని వెనక్కొచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇట్లా లాభం లేదని 1979లో కుప్పుస్వామి ఆచారి దగ్గర చేరినాను.

గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఆచారి పనిచేసే కొట్టు. అందులో దేవుళ్ళు, పోయినవాళ్ళు పక్కపక్కనే ఆరుతూ ఉండేవాళ్ళు. ఆయన మాట సగం తెలుగు, సగం అరవం, మిగతాది తమలపాకు. ఆయన దగ్గర శిష్యరికానికి మూడు మెట్లు. మొదటిది పాత పటం ఒకటి ముందు పెట్టుకుని మక్కికి మక్కి తీయడం. రెండోది బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రాయడం. మూడోది ఫొటో చూసి రాయడం. పోయినవాళ్ళను రాసేది ఈ మూడో మెట్టులోనే. అది చివరికెందుకని అడిగితే, ఫొటోలో మనిషి సగమే ఉంటాడని, ఆ మిగతా సగం రాసేవాడి కంట్లో ముందే ఉండాలని చెప్పినాడు. రెండో మెట్టు ఎక్కకుండా బయటి పని ఒప్పుకోకూడదని నా చేత వెంకన్న మీద ప్రమాణం కూడా చేయించినాడు.

నా ముందు పెట్టిన పాత పటం ఒక జమీందారుది. ఏ సంస్థానమో తెలియదు. రాసినవాడి సంతకం చెదలు తినేసింది. మద్రాసులో తెల్లవాడి దగ్గర నేర్చుకున్న ఘనుడెవరో రాసుంటాడని ఆచారి నమ్మకం. దాని ముందు పొద్దున్నే ఊదొత్తి వెలిగించేవాడు. దొరవారు ఎడమ చెయ్యి కత్తి మీద పెట్టుకుని, మన ప్రాణం తీయాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు చూస్తుంటాడు. ఆ మీసం మీద నిమ్మకాయలు కాదు, గుమ్మడికాయలు నిలబెట్టొచ్చు.

మక్కికి మక్కి తీయడమంటే చూసి గీయడం అనుకునేరు. ముందు చట్రానికి గుడ్డ బిగించి, వడ్రంగులు వాడే వజ్రం, అంటే జిగురు, కాచి పూయాలి. అది ఆరినాక తెల్లరంగు. అది ఆరినాక పటానికీ గుడ్డకూ సమంగా గళ్ళు కట్టి, ఏ గడిలో ఏ గీత పోతుందో బొగ్గుతో దించుకోవాలి. ఆ పైన ఒక్క గోధుమరంగుతో వెలుగునీడలు. ఆ పైనే అసలు రంగులు. కింది పూత టర్పెంటైనుతో పలచగా ఉండాలి, పై పూతల్లో అవిసె నూనె పెరుగుతూ పోవాలి. తలకిందులు చేస్తే పైది ముందు ఆరి, కొన్నాళ్ళకు దొరవారి ముఖం ఎండిన చెరువులా పగులుతుంది. నూనె రంగు ఆరడానికి పట్టే కాలం గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. అది ఎప్పుడు ఆరుతుందో రాసినవాడు చెప్పిందే లెక్క.

ప్రతి ఆదివారం మొదటి బస్సుకు పోయి కూర్చున్నాను. ఏడాదిన్నర పట్టింది. దొరవారి మీసంలో వెంట్రుకలు నాకు పేరుపేరునా తెలుసు. కుడి కనుబొమలో ఒక వెంట్రుక దారి తప్పి అడ్డంగా పోతుంది, దాన్నీ వదల్లేదు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఒకటి ఉంది. దాని మీదే రెండు ఆదివారాలు కూర్చున్నాను. మచ్చ ఉబ్బు, దాని కింద నీడ, మీద చిన్న మెరుపు. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు, పెళ్ళితో సహా.

ఆచారి వచ్చి చూసినాడు. నా పటాన్ని చూసినాడు, దొరవారిని చూసినాడు. వేలికి ఉమ్మి తడి చేసుకుని దొరవారి చెంప మీద రుద్దినాడు. పుట్టుమచ్చ ఊడొచ్చింది.

“ఈగ పెట్టిందప్పా ఇది” అన్నాడు. “నువ్వు దానికి నీడ గూడా ఏసినావే.”

కొట్టులో ఉన్న దేవుళ్ళందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. అయినా సిగ్గు బస్టాండు దాకా కూడా నిలవలేదు. ఈగ రెట్టనే అంత బాగా రాసినవాడికి మనిషి ఒక లెక్కా అనుకుంటూ బస్సెక్కినాను.

తర్వాతి ఆదివారం ఆచారి, పాత పటం పని అయిపోయిందనీ ఇంక మనిషిని తెచ్చి కూర్చోబెట్టమనీ చెప్పినాడు. ఎవర్ని తేవాలని అడిగినాను. “ఎవురైనా ఏందప్పా, మీ ఇస్కూల్లో మనుషులే లేరా?” అన్నాడు. నాకది కిట్టలేదు. ఏడాదిన్నర దొరవారి కొలువులో ఉండి, ఇప్పుడు డ్రిల్లు మాస్టరు ముందు బ్రష్షు పట్టుకోవాలా? వచ్చే వారం, వచ్చే నెల అంటూ దాటవేసినాను.

అట్లా ఉండగా 1981 వేసవిలో మునెయ్య పోయినాడు. గుండెనొప్పి. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడట.

ఇస్కూలంతా వాళ్ళింటికి పోయినాం. మునెమ్మ, ఆయన భార్య, గోడకానుకుని కూర్చుని ఉంది. గోడ మీద దేవుడి క్యాలెండరు తప్ప ఏమీ లేదు. మునెయ్యకు ఫొటో లేదు. ఉన్నదల్లా ఇస్కూలు గ్రూప్ ఫొటో ఒకటే. అందులో కెమెరావాడు రెడీ అన్న క్షణానికి గంట కొట్టే వేళయింది, మునెయ్య తల తిప్పి రైలుపట్టా వైపు చూసినాడు. వెనక వరసలో చొక్కా స్పష్టంగా ఉంది, చొక్కా పైన పొగలాంటిది ఉంది. ఆ పొగే మునెయ్య.

హెడ్మాస్టరు పెద్దమనిషి. మన డ్రాయింగు మాస్టరు తిరుపతిలో ఆయిల్ పెయింటింగు నేర్చుకున్నాడని, వార్షికోత్సవం నాడు మునెయ్య పటం ఆవిష్కరించి ఆమె చేతికే ఇస్తామని అందరి ముందూ చెప్పేసినాడు. సంవత్సరీకానికి పటం పెట్టుకోవచ్చమ్మా అన్నాడు. మునెమ్మ తలెత్తి నా వైపు చూసింది.

“ఆయన్ని మీరు రోజూ సూసినారు గదా అయ్యోరా” అంది.

చూసినానమ్మా అన్నాను. అబద్ధం కాదు. నాలుగేళ్ళు, రోజుకు రెండుసార్లు, గాజుగ్లాసులో టీ తెచ్చి నా చేతికిచ్చినాడు. చాక్‌పీసులు విరగకుండా రంపపుపొట్టులో పెట్టి తెచ్చినాడు. నా కుర్చీకి నాలుగో కాలు అమర్చింది కూడా ఆయనే.

ఆచారికి చెప్పలేదు. చెబితే రెండో మెట్టు గుర్తుచేస్తాడు, వెంకన్న మీద ప్రమాణం గుర్తుచేస్తాడు. ఇస్కూల్లో ఖాళీ గది ఒకటి తీసుకుని, గుడ్డ బిగించి, గ్రూప్ ఫొటో ఎదురుగా అంటించుకుని కూర్చున్నాను. ఖాకీ చొక్కా బ్రహ్మాండంగా వచ్చింది. గుండీలు నిజం గుండీలనుకుని ఒక పిల్లవాడు పట్టి లాగినాడు. తర్వాత చొక్కా పైకి పోవాలి. అక్కడ పొగ ఉంది.

కళ్ళు మూసుకుని మునెయ్యను తలుచుకున్నాను. టీ గ్లాసు వచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళు కొంచెం వచ్చినాయి. ముంజేతి పైన ఇంకేమీ రాలేదు. సరే, చెయ్యి నడిస్తే అదే వస్తుందిలే అని బ్రష్షు ఆనించినాను. చెయ్యి నడిచింది. ఏడాదిన్నర నడిచిన దారినే నడిచింది. కన్ను వేయాల్సిన చోట దొరవారి కన్ను, ముక్కు వేయాల్సిన చోట దొరవారి ముక్కు. మీసాన్ని మాత్రం అటెండరు జీతానికి తగ్గట్టు కాస్త కత్తిరించినాను.

ఒంటి రంగు సంగతి ఇంకా ఘోరం. పటం మీద పూసే వార్నిష్ పాతబడేకొద్దీ పచ్చబడుతుంది. దొరవారి అసలు ఛాయ ఏదో ఆ వార్నిష్ వెనక ఎప్పుడో మునిగిపోయింది. నేను ఆ ముసలి వార్నిష్ పసుపునే మనిషి చర్మమనుకుని కలపడం నేర్చుకున్నాను. మునెయ్య నల్లని మనిషి. నా చేతిలో పేరిన నెయ్యి రంగుకు తిరిగినాడు.

పటం చూసి హెడ్మాస్టరు, మునెయ్యలో ఇంత కళ ఉందని ఇన్నాళ్ళూ గమనించనే లేదయ్యా అన్నాడు. డ్రిల్లు మాస్టరు అటూ ఇటూ తిరిగి చూసి, “సచ్చిపోయినాక మనిషి బాగా తేరుకున్నాడబ్బా” అన్నాడు. రెండూ పొగడ్తలనుకున్నాను.

వార్షికోత్సవానికి సమితి ప్రెసిడెంటు వచ్చినాడు. నాడా లాగినాడు, తెర జారింది. ఆయనకు అటెండరు పటమని ముందే చెప్పి ఉన్నా, ఆ చూపు చూసేసరికి చేతులు వాటంతటవే లేచి నమస్కారం పెట్టినాయి. ఆ తర్వాత మునెమ్మను పిలిచినారు. మరిది చెంగల్రాయుడు, అంటే మునెయ్య తమ్ముడు, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినాడు. ఆమె పటం ముందుకొచ్చి చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది. తల వంచుకుని, పెద్దమనిషి నడిచిపోయేదానికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగి నిలబడింది.

ఆమె ఏడుస్తున్నదనుకుని జనం చప్పట్లు కొట్టినారు. నేను ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆమె ఏడవడం లేదు. ఎదురుచూస్తున్నది. ఈ దొర ఎవరో సభకు సంబంధించినవాడు, ఈయన పని అయిపోతే తన ఇంటాయన్ని తెస్తారని నిలబడి ఉంది.

పటం ఆమె చేతికిచ్చే సంగతి మరిచి బహుమతులు పంచినారు. నాటకం వేసినారు. జనగణమన పాడినారు. బల్లలు మోసేస్తుంటే ఆమె వేపచెట్టు దగ్గర ఇంకా నిలబడే ఉంది. నేను పక్కదారిన జారుకోబోతే చూసి దగ్గరికొచ్చింది.

“అయ్యోరా, మా ఇంటాయన పటం ఇంగా తేలేదా?”

ఆ పటమే ఈ పటమని చెప్పడానికి నోరు తెరిచినాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

“ఇంకా ఆరలేదమ్మా” అన్నాను.

నూనె రంగు ఆరే కాలం రాసినవాడు చెప్పిందే లెక్క అని ముందే చెప్పినాను కదా. ఆమె నమ్మింది. మళ్ళీ వస్తానని చెప్పి పోయింది. ఆ వారం నుంచి చెంగల్రాయుడు సైకిలు మీద రావడం మొదలుపెట్టినాడు. గేటు దగ్గర ఒక కాలు కింద పెట్టి, “సార్, ఆరిందా?” అనేవాడు. లేదనేవాణ్ణి. “వానలు గూడా లేవే సార్, ఏందది?” అనేవాడు. అమాయకంగానే అడిగేవాడు. వేళాకోళమైతే తిరిగి ఒక మాట అని బతికిపోయేవాణ్ణి.

సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఇంక దిక్కులేక ఆ పటాన్ని గోనెసంచిలో చుట్టి ఆచారి కొట్టుకు మోసుకుపోయినాను. విప్పినాను. ఆచారి చాలాసేపు చూసినాడు. గోడ మీద దొరవారిని చూసినాడు.

“ఈయనకు ఖాకీ చొక్కా ఎవురేసినారు?” అన్నాడు.

జరిగింది చెప్పినాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వరసగా అడుగుతూ పోయినాడు. చెవులు తలకు అంటుకోనుంటాయా, బయటికుంటాయా? తెలీదన్నాను. నవ్వితే మూతి ఏ పక్క లేస్తుంది? తెలీదన్నాను. నుదురు పెద్దదా చిన్నదా? ఆలోచించి, తెలీదన్నాను.

“నాలుగేండ్లు టీ తాగినావు గదప్పా.”

దొరవారి కనుబొమలో దారితప్పిన వెంట్రుక నాకు తెలుసు. ఆయన చెంప మీద ఈగ కూర్చున్న చోటు తెలుసు. నా చేతికి టీ ఇచ్చిన మనిషికి చెవులెట్లా ఉంటాయో తెలీదు.  

ఆచారి, దాటేసిన రెండో మెట్టుకు ఇప్పుడు దిగమన్నాడు. ఆయన రక్తసంబంధం ఎవరైనా ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి రాయమన్నాడు. చెంగల్రాయుణ్ణి అడిగినాను. రెండో పూత వేసేదానికి ఎముకల గూడు చూడాలని ఏదో చెప్పినాను. అతను నమ్మినాడు. ఆ కుటుంబంలో అందరూ నన్ను నమ్మినారు. అదే వచ్చిన కష్టం.

చెంగల్రాయుడు కదలకుండా కూర్చునే రకం కాదు. చెమట తుడుచుకునేవాడు, బీడీకి లేచేవాడు, కూర్చున్నంతసేపూ మాట్లాడేవాడు. దొరవారు ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా కనురెప్ప వేయలేదు. ఈయన ముఖం మాట మాటకూ మారేది. ఏ ముఖం రాయాలో తెలియక గీసింది తుడిచి మళ్ళీ గీసినాను. కానీ నల్లని చర్మం మీద వెలుగు పడితే నీలం కనిపిస్తుందని, చెవి వెనక ఎరుపు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ రంగులు ఏ పాత పటంలోనూ లేవు.

“మీ అన్న కూడా ఇట్లానే ఉండేవాడా?” అని అడిగినాను.

“యాడ సార్, మా యన్న వేరే మాదిరి. మీరు సూసినారు గదా.”

మళ్ళీ అదే మాట. మరుసటి రోజు ఎనిమిదో తరగతి డ్రాయింగు పీరియడులో కుండ వేయించకుండా, మునెయ్యను గుర్తుపెట్టుకుని వేయమన్నాను. నా క్లాసులో అంత నిశ్శబ్దం అదే మొదలు, అదే చివర. కాగితాలు చూసినాను. ముక్కులు తలో రకంగా ఉన్నాయి. కానీ దాదాపు అందరూ ఒకటి వేసినారు. ఎడమ చెవి పెద్దదిగా, తలకు దూరంగా, అంచు ముందుకు మడిచినట్టు. గంట కొడుతుంటే కిందనుంచి వాళ్ళకు కనిపించేది ఆ చెవే. ఇదేందిరా అంటే, “ఆ చెవి అంతే కద సార్” అన్నారు, కుండకు మూతి ఉంటుందా అని అడిగినవాణ్ణి చూసినట్టు చూసి.

తమ్ముడి ముఖం మీద ఆ చెవి పెట్టినాను. ఈసారి వార్నిష్ పసుపు జోలికి పోలేదు. సంవత్సరీకం ముందురోజు పటం పట్టుకుని వాళ్ళింటికి పోయినాను. గోడకానించి పక్కకు జరిగినాను.

మునెమ్మ కొంగు లాక్కోలేదు. దగ్గరికొచ్చి, వంగి, కింది నుంచి పైదాకా చూసింది.

“ఏమయ్యోరా, మా మరిదికి పటం కట్టినారే” అంది. “ఈడు బతికే ఉండాడు గదా.”

లోపల ఎవరో ఆడవాళ్ళు నవ్వినారు. చెంగల్రాయుడు దండెం మీది తువ్వాలు తీసుకుని, పనేదో ఉన్నట్టు బయటికి పోయినాడు. నేను గోడలోకి దూరిపోదామని చూస్తున్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. చెవి దగ్గర చూపు ఆగింది.

“సెవి ఆయన్దే” అంది. నా వైపు తిరిగి, “ఎవురు సెప్పినారు మీకు?” అంది.

పిల్లలు చెప్పినారన్నాను. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. మొదటి పటం ఎవరిదో, ఆరలేదని ఎందుకన్నానో కూడా చెప్పినాను. ఆమె విని తలూపింది. క్యాలెండరు తీసి ఆ మేకుకే పటం తగిలించమంది. బొట్టు మాత్రం నుదుటి మీద కాకుండా ఆ చెవి పక్కన పెట్టింది. ముఖం మరిదిది, అతను బతికి ఉన్నాడు మరి.

ఆచారి కొట్టు నుంచి తిరిగి తెచ్చిన మొదటి పటం హెడ్మాస్టరు గదిలో ఉండిపోయింది. ఇంత హుందాగా ఉన్నదాన్ని పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. తనిఖీకి వచ్చిన అధికారులు ఇస్కూలుకు స్థలమిచ్చిన దాత ఎవరండీ ఈయన అని అడిగేవాళ్ళు. ఒకాయన చెప్పులు బయట విడిచి వచ్చినాడు. ఆగస్టు పదిహేనుకు గాంధీగారితో పాటు దానికీ దండ వేసేవాళ్ళు. కొత్త అటెండరు దాని దుమ్ము రోజూ తుడిచేవాడు. ఆ గదిలోకి పిలుపు వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక పాఠం మధ్యలో ఉన్నానని చెప్పి పంపేవాణ్ణి. యాభై ఏళ్ళకు స్వచ్ఛంద విరమణ తీసుకున్న రోజు, మీ చేతి పనే కదా అని ఆ పటాన్ని శాలువాతో పాటు నాకే ఇచ్చి పంపినారు. ఇప్పుడు మా వరండాలో ఉంది. మీ తాతగారు జమీందారా అని కొత్తవాళ్ళు అడిగితే మా ఆవిడ అవునంటుంది. ఆమెను వారించే అర్హత నాకు లేదు.

ఈ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నా అనుభవంలో తేలింది చెబుతాను. పాత పటాలు చూసి రాయండి. గళ్ళు కట్టడం, పూతల వరస, రంగులు కలిపే లెక్క అన్నీ దానితోనే వస్తాయి, వేరే దారి లేదు. చెయ్యి తిరిగేది అక్కడే. కన్ను తిరగాలంటే మాత్రం ఎదురుగా బతికున్న మనిషి ఒకడు ఉండాలి. నాకు నాలుగేళ్ళు ఉండినాడు.